దూలం మధ్యలో లేని ఇనుము

ఉక్కు దూలాన్ని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు క్యాపిటల్ 'ఐ' కనిపిస్తుంది. అందుకే ఇంజనీర్లు దాన్ని ఐ బీమ్ అంటారు. జర్మన్లకీ రష్యన్లకీ అదే ఆకారం కాళ్ళు కలుపుకున్న రెండు 'టి'లలా కనిపించింది, వాళ్ళ భాషల్లో దాని పేరు జంట టి. మన లిపిలో అలాంటి అక్షరమే లేదు, అన్నీ వంపులే. మన వెల్డింగ్ షాపులవాళ్ళకి ఈ అక్షరాలతో పని లేదు. గడ్డర్ అంటారు, ఎన్ని ఇంచులు అని అడుగుతారు, అంతే.

హైదరాబాదులో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా 2023లో తెరిచిన ఉక్కు వంతెన కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తల పైకెత్తితే కనిపించేవి ఈ ఐలే. ఊరి బయట లేస్తున్న గోడౌన్ల అస్థిపంజరాల్లో, బట్టల దుకాణాల్లో సరుకు పెట్టుకోడానికి వేసే అటకల కింద కూడా అవే. ఎంత అలవాటైపోయిందంటే ఉక్కు దూలం ఇంకోలా ఉండొచ్చని తోచదు. ఎప్పుడో ఎవరో మహానుభావుడు ఒక్కసారిగా ఊహించేసి ఉంటాడనిపిస్తుంది. నేను ఆ మహానుభావుడి కోసమే వెతకడం మొదలుపెట్టాను. అలాంటివాడెవరూ దొరకలేదు. దొరికిందల్లా ఒక నూలు మిల్లు, ఒక తాకట్టు కొట్టువాడు, కూలిన ఒక వంతెన, పారిస్ వడ్రంగుల సమ్మె. ఐలోని ఒక్కో గీతా ఒక్కో అవసరం కోసం, ఒక్కో దశాబ్దంలో వచ్చి చేరింది. మధ్యలో మనుషులు చచ్చిపోయారు.

ముందు ఆ ఆకారం చేసే పనేమిటో చూద్దాం. స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకోండి. బల్ల అంచు బయటికి సగం వచ్చేలా పరిచి, కొసమీద వేలితో నొక్కితే వంగిపోతుంది. అదే స్కేలుని నిలువుగా తిప్పి పట్టుకుని నొక్కండి. వంగదు. ప్లాస్టిక్ అదే, బరువూ అదే. ఇప్పుడు పెన్సిలు రబ్బరు పక్కవైపున దగ్గర దగ్గరగా నిలువు గీతలు గీసి, రెండు కొసలూ పైకి లేచేలా వంచండి. పైవైపు గీతలు దగ్గరకి జరుగుతాయి, కిందివైపు ఎడమవుతాయి. సరిగ్గా నడుమ మాత్రం ఏ మార్పూ ఉండదు. రెండు గోడల మీద కూర్చుని బరువు మోసే ప్రతి దూలంలోనూ జరిగేది ఇదే. పై పొర నలుగుతుంది, కింది పొర సాగుతుంది, నడుమనున్న పొర దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. పని తక్కువున్న చోటినుంచి లోహం తీసేసి, పని ఎక్కువున్న చోట, అంటే అన్నిటికన్నా పైనా అన్నిటికన్నా కిందా పెడితే మిగిలేదే ఐ. పైనా కిందా ఉన్న అడ్డ పట్టీల్ని ఫ్లాంజిలు అంటారు, వాటిని కలిపే నిలువు రేకు వెబ్. ఆ రెండు పట్టీల్నీ దూరంగా ఉంచడం, ఒకదాన్ని దాటి ఇంకోటి జారిపోకుండా పట్టుకోవడం వెబ్ పని.

ఎంత లాభమో ఒక్క లెక్క చెప్తాను. మన దేశపు ప్రమాణాల పట్టికలో ఐ.ఎస్.ఎం.బి. 300 అని ఒక మామూలు దూలం ఉంది. ఎత్తు 300 మిల్లీమీటర్లు, ఫ్లాంజి వెడల్పు 140, ఒక మీటరు ముక్క సుమారు 45 కిలోలు తూగుతుంది. అంతే ఉక్కుతో గట్టి చదరపు కడ్డీ చేస్తే దాని భుజం సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. వంగకుండా బిగిసి నిలబడడంలో ఆ కడ్డీకన్నా ఈ ఐ 30 రెట్లకు పైగా మెరుగు. మోయగల బరువులో ఎనిమిది రెట్లు. ఉక్కు గ్రాము కూడా ఎక్కువ పడలేదు, దాన్ని పెట్టిన చోటు మారింది, అంతే. అయితే ఇదే దూలాన్ని పక్కకి పడుకోబెట్టి బరువు పెడితే ఆ బిగువు పద్దెనిమిదో వంతుకి పడిపోతుంది. ఈ చివరి అంకె గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇందులో సగం గెలీలియోకి తెలుసు. 'రెండు కొత్త శాస్త్రాలు' 1638లో లైడెన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన ఫ్లోరెన్సు శివార్లలో గృహనిర్బంధంలో ఉన్నాడు. భూమి తిరుగుతోందని అనకూడదు కనుక దూలాల గురించి రాసుకున్నాడనిపిస్తుంది నాకు. పక్షుల ఎముకలు, ఈకల కాడలు, గడ్డిపోచలు బోలుగా ఉండి కూడా ఎందుకంత గట్టివో అందులో చర్చించాడు: అంతే బరువున్న గట్టి కడ్డీకన్నా బోలు గొట్టం బలమైనదని. వెదురు బొంగులతో పందిళ్ళు వేసినవాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు. లెక్క దగ్గర మాత్రం తప్పాడు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలంలో పైనుంచి కిందిదాకా ప్రతి పోగూ సాగుతుందనుకున్నాడు. నలిగే సగం ఒకటి ఉంటుందని పట్టుకోలేదు. దాంతో ఆయన లెక్కలో దూలం బలం అసలుకి మూడు రెట్లు వచ్చింది. ఆ తప్పుని 1713లో పారెంట్, 1773లో కూలూంబ్, 1826లో నావియే విడతలు విడతలుగా దిద్దారు. ముగ్గురూ ఫ్రెంచివాళ్ళే, ముగ్గురిదీ కాగితం మీది పని. ఇంగ్లండులో మిల్లులు కడుతున్నవాళ్ళు వీళ్ళకోసం ఆగలేదు. వాళ్ళకి వేరే తొందర ఉంది.

ఆ తొందర పేరు నిప్పు. కొయ్య నేలలు, దూది నలుసులతో నిండిన గాలి, నూనె దీపాలు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో మిల్లులు కాగడాల్లా తగలబడేవి. ష్రూస్‌బరీలో చార్లెస్ బేజ్ అనే ఆయన, వృత్తి చెప్పాలంటే సారా వ్యాపారి, 1797లో అవిసె నార మిల్లుకి కొయ్య అనేదే లేని చట్రం కట్టాడు. స్తంభాలు పోత ఇనుము, దూలాలు పోత ఇనుము, దూలానికీ దూలానికీ మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు, వాటి మీద నేల. ఆ మిల్లు ఇవాళ్టికీ నిలిచి ఉంది. కమాను అన్నాక దాని కాళ్ళు ఎక్కడో ఆనాలి. అందుకని బేజ్ తన దూలాల అడుగుభాగాన్ని ఇరువైపులా వెడల్పు చేశాడు. రెండుమూడేళ్ళకే సాల్‌ఫర్డ్‌లో కట్టిన నూలు మిల్లులో అది తలకిందులైన 'టి'గా స్పష్టమైన రూపం తీసుకుంది.

ఇది చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. కింది ఫ్లాంజి ఇటుకలు కూర్చోడానికి వేసిన అరుగు! బలం కోసం పుట్టలేదది. అదృష్టం కొద్దీ పోత ఇనుముకి అత్యవసరమైన చోటే వచ్చి కూర్చుంది. ఎందుకంటే పోత ఇనుము స్వభావం రాయి లాంటిది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే చెప్పాపెట్టకుండా తెగుతుంది. దూలంలో సాగేది కిందివైపు కనుక ప్రాణం అంతా అక్కడే ఉంటుంది.

ఆ సంగతి కొలిచి చెప్పినవాడు ఈటన్ హాడ్జ్‌కిన్సన్. రైతు కొడుకు. తండ్రి పోయాక తల్లితో మాంచెస్టరు చేరి తాకట్టు కొట్టు నడిపాడు, తీరిక వేళల్లో జాన్ డాల్టన్ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. అణువాదం చెప్పిన డాల్టనే. అప్పట్లో ఇంజనీర్ల చేతిలో ఉన్న పుస్తకం 1822 నాటి ట్రెడ్‌గోల్డ్‌ది. పైనా కిందా సమానమైన ఫ్లాంజిలు పెట్టమంది ఆ పుస్తకం. హాడ్జ్‌కిన్సన్ ఫెయిర్‌బెర్న్ అనే యంత్రశాల యజమాని దగ్గర చేరి దూలాలు పోయించాడు, వాటి మీద బరువులు పేర్చి విరగ్గొట్టాడు, ఆకారం మార్చి మళ్ళీ పోయించాడు. 1830లో మాంచెస్టరు సాహిత్య తాత్త్విక సంఘంలో ఫలితం చదివాడు. (అవును, సాహిత్య సంఘంలోనే. అప్పట్లో దూలాల మీద వ్యాసం అక్కడ చదివితే ఎవరూ ఇబ్బంది పడేవారు కాదు.) పోత ఇనుము నలుగుడుకి ఓర్చుకునేదాంట్లో సాగుడుకి ఆరోవంతే ఓర్చుకుంటుంది కాబట్టి కింది ఫ్లాంజి పై ఫ్లాంజికి ఆరు రెట్లు ఉండాలి. అంటే పోత ఇనుముకి సరైన ఆకారం మనం ఇవాళ చూసే ఐ కాదు. పైన చిన్న టోపీ, కింద పెద్ద పాదం.

అందరూ వినలేదు. 1844 అక్టోబరు 31న ఓల్డ్‌హామ్‌లో కొత్త మిల్లొకటి కూలి 20 మంది చనిపోయారు. వరస కమానుల పద్ధతిలో ఒక చిక్కుంది. ప్రతి కమానూ పక్క దూలాన్ని తోస్తుంది, అవతలి కమాను తిరిగి తోస్తుంది కనుక దూలం నిలబడుతుంది. ఒక్క దూలం విరిగితే రెండువైపులా కమానులు ఆసరా తప్పి, పేకమేడలా వరసంతా పోతుంది. నిప్పుకి భయపడి కట్టిన నేల అలా ఇంకో దారిన చంపింది.

హాడ్జ్‌కిన్సన్ మాట విన్నవాళ్ళ గతి ఇంకా విచిత్రం. చెస్టర్ ఊళ్ళో డీ నది మీద రైలు వంతెనని కట్టించింది రాబర్ట్ స్టీఫెన్‌సన్, ఆ కాలంలో ఇంజనీర్లందరిలోకీ పెద్ద పేరు. మూడు అంగలు, ఒక్కోటి 98 అడుగులు. ఒకే పోతలో అంత పొడుగు దూలం రాదు కనుక మూడు ముక్కలు పోసి బోల్టులతో బిగించారు, పక్కన తోడుగా చేత ఇనుప కడ్డీలు తగిలించారు. చేత ఇనుము అంటే సుత్తితో సాగగొట్టడానికి లొంగేది, లాగితే ఓర్చుకునేది. ఆ కడ్డీలు నిజంగా ఎంత సాయపడతాయో సరైన లెక్క లేదు. దూలం అడ్డుకోత మాత్రం అప్పటి శాస్త్రం ప్రకారమే ఉంది. కింద వెడల్పు పాదం, పైన సన్న తల. పట్టాలు మోసే కొయ్యలు ఆ పాదం మీద, లోపలివైపు ఆనుకున్నాయి.

1847 మే 24. అంతకుముందు ఇంకో రైల్వే వంతెన ఒకటి నిప్పంటుకుని కాలిపోవడంతో, ఇంజను నిప్పురవ్వలకి కొయ్య అంటుకోకుండా డీ వంతెన మీద ఆ రోజు అయిదంగుళాల మందాన కంకర పరిచారు. అంటే వంతెన నెత్తిన ఇంకొంత బరువు. ఆ సాయంత్రం రైలొకటి చివరి అంగ దాటుతుండగా దూలం విరిగింది. ఇంజను డ్రైవరు ఏదో తేడా పసిగట్టి ఆవిరి పెంచాడు. ఇంజను ఒడ్డెక్కింది, పెట్టెలు నదిలో పడ్డాయి. అయిదుగురు పోయారు. ఇక్కడ కూడా నిప్పుకి వేసిన మందే.

రైలు పట్టాలు తప్పి దూలాన్ని గుద్దడంవల్లే అది విరిగిందని స్టీఫెన్‌సన్ విచారణలో వాదించాడు. జ్యూరీ ఒప్పుకోలేదు. ప్రమాదవశాత్తూ మరణం అని తీర్పిస్తూనే, ఇలాంటి దూలాలు క్షేమం కావు, ప్రభుత్వం విచారించాలి అని రాసింది. ఆ జ్యూరీ మీద నాకు గౌరవం. అంత పెద్ద పేరు ముందు కూర్చుని మీ దూలం మంచిది కాదని చెప్పడం తేలిక కాదు. రాయల్ కమిషన్ వేశారు, అందులో హాడ్జ్‌కిన్సన్ కూడా సభ్యుడు.

దూలం ఎందుకు విరిగిందన్నదాని మీద ఇంజనీర్లు తర్వాత కూడా వాదించుకుంటూనే ఉన్నారు. మళ్ళీ మళ్ళీ పడే బరువుకి ఇనుము అలిసి బీట పెరిగిందని కొందరు, దూలం పక్కకి మెలిపడిందని కొందరు. రెండో కారణం మన కథకి ముఖ్యం. ఆరు రెట్ల సూత్రం తప్పు కాదు, కానీ అది పొదుపు సూత్రం. తక్కువ ఇనుముతో ఎక్కువ బరువు ఎలా మోయాలో చెప్తుంది. పొడుగాటి దూలంలో పై అంచు నలుగుతున్నప్పుడు అది పక్కకి తప్పుకోవాలని చూస్తుంది, నిలబెట్టిన స్కేలుని గట్టిగా నొక్కితే జరిగినట్టు. సన్న తల దాన్ని ఆపలేదు. పైగా బరువు ఒక పక్క పాదం మీదే పడుతుంటే మెలి ఇంకాస్త. ఇందాక చెప్పిన పద్దెనిమిదో వంతు ఇక్కడ కాపు కాస్తుంటుంది. దూలం తనకి బలమైన దిక్కున ఎంత గట్టిదైనా, చేతనైతే బలహీనమైన దిక్కుకి తిరిగి పడిపోతుంది. పై ఫ్లాంజి వెడల్పుగా ఎందుకుండాలో చెప్పింది ఈ వైపు కూలుడే.

అదే సమయంలో అదే స్టీఫెన్‌సన్ వేల్స్‌లో మెనాయ్ జలసంధి మీద బ్రిటానియా వంతెన కట్టిస్తున్నాడు. అంగ 460 అడుగులు. పోత ఇనుము ఊసే లేదు, చేత ఇనుప రేకుల్ని రివెట్లతో కుట్టిన పెద్ద గొట్టం, రైలు దాని కడుపులోంచి వెళ్తుంది. దీనికోసం ఫెయిర్‌బెర్న్, హాడ్జ్‌కిన్సన్ నమూనా గొట్టాలు చేసి విరగ్గొట్టారు. పోత ఇనుము కింద తెగేది, ఇవి పైన ముడతలు పడ్డాయి. చేత ఇనుము లాగితే తెగదు, కానీ పల్చని రేకు నలిగినప్పుడు కాగితంలా మడత పడుతుంది. సమస్య అడుగునుంచి నెత్తికెక్కింది. వంతెన 1850లో తెరిచారు. ఘనత ఎవరిదన్న గొడవతో ఫెయిర్‌బెర్న్ ముందే తప్పుకుని, 1849లో తన వాటా వివరిస్తూ ఒక పుస్తకమే రాశాడు. కొత్త లోహం కోరినది ఇదీ: పైనా కిందా ఇంచుమించు సమానం, పైది మాత్రం మడత పడనంత దిట్టం. ట్రెడ్‌గోల్డ్ చెప్పిన సమానమైన ఫ్లాంజిలు ఇరవై ఏడేళ్ళ తర్వాత, ఆయన ఊహించని లోహంలో సరైనవయ్యాయి.

ఆకారం తేలింది. దాన్ని చవగ్గా చెయ్యడం ఎలా? జవాబు పారిస్ నుంచి వచ్చింది, అదీ వడ్రంగుల పుణ్యమా అని. 1845లో అక్కడి వడ్రంగులు కూలి పెంచమని సమ్మె చేశారు. కొయ్య నేలలు ఆగిపోయాయి. కట్టించేవాళ్ళు ఇనుము వైపు చూశారు. రివెట్లు అక్కర్లేకుండా, ఎర్రగా కాలిన దిమ్మని గాడి తీసిన రోలర్ల మధ్య నొక్కి ఒకే ముక్కగా ఐ దూలం లాగడం 1849 నాటికి ఫ్రాన్సులో సాధ్యమైంది. ఫెర్డినాండ్ జోరెస్ పేరు ఇక్కడ వినిపిస్తుంది. సమ్మె చేసినవాళ్ళు ఏం కోరుకున్నారో, చరిత్ర వాళ్ళకి ఏం ఇచ్చిందో చూడండి.

అమెరికాలో ట్రెంటన్ ఊళ్ళో పీటర్ కూపర్ మిల్లు 1854లో ఏడంగుళాల దూలాలు లాగింది. అచ్చమైన ఐ కాదు, రైలు పట్టాకి దగ్గర చుట్టం. అవి న్యూయార్కులో హార్పర్ అండ్ బ్రదర్స్ కొత్త భవనంలోకి వెళ్ళాయి. పాత భవనం 1853 డిసెంబరులో కాలిపోయింది, అమ్ముడుపోని 'మోబీ డిక్' ప్రతులతో సహా. మెల్విల్‌కి జరిగిన అన్యాయాల జాబితాలో దీన్నీ రాసుకోవచ్చు. పట్టాకీ దూలానికీ ఉన్న ఈ చుట్టరికం మనవాళ్ళకీ తెలుసు. పాత ఇళ్ళల్లో రైల్వే వేలంలో కొన్న అరిగిపోయిన పట్టాలే దూలాలుగా వేసిన మిద్దెలు ఇంకా కనిపిస్తాయి.

తర్వాత ఉక్కు చవకైంది, కథ వేగం పుంజుకుంది. ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగాలి. ఐ.ఎస్.ఎం.బి. దూలం కొసని దగ్గర్నుంచి చూస్తే ఫ్లాంజి లోపలి ముఖం సమంగా ఉండదు, వెబ్ దగ్గర మందంగా మొదలై అంచుకి వచ్చేసరికి పల్చబడుతుంది. వాలు సుమారు ఎనిమిది డిగ్రీలు. అది గాడి రోలర్ల గుర్తు: గాడిలోంచి దూలం ఇరుక్కోకుండా బయటికి రావాలంటే ఆ వాలు ఉండాలి. పిండివంటల అచ్చుకి వాలు ఉన్నట్టే. అదే కారణంగా ఫ్లాంజిలు మరీ వెడల్పు చెయ్యడం కుదరలేదు. హెన్రీ గ్రే అడ్డ రోలర్లకి తోడు నిలువు రోలర్లు పెట్టి, ఫ్లాంజిని రెండు ముఖాలనుంచీ నొక్కే యంత్రం చేశాడు. అది ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో లక్సెంబర్గులోని డిఫర్‌డాంజ్‌లో, 1908లో అమెరికాలోని బెత్లెహామ్‌లో పనిలోకి దిగింది. వాలు పోయింది, ఫ్లాంజిలు వెడల్పయ్యాయి, ఐ కాస్తా హెచ్ అయింది. ఏ దిక్కుకి తూలినా తట్టుకోవాల్సిన స్తంభాలకి కావలసింది అదే. ఇప్పుడు మన దగ్గర కూడా ఆ రకం దొరుకుతుంది, కానీ వాలు ఐలు ఇంకా పోలేదు. వాటికి బోల్టు బిగించాలంటే ఒకవైపు మందంగా ఉండే ప్రత్యేకమైన వాషర్ పెట్టాలి. మామూలుది పెడితే బోల్టు వంకరగా కూర్చుంటుంది.

ఇంత చరిత్ర ఉన్న పట్టీని మన దగ్గర గ్యాస్ కట్టర్‌తో ఎంత తేలిగ్గా కోసేస్తారో చూస్తే భయమేస్తుంది. డ్రైనేజీ పైపు అడ్డొచ్చిందని అంగ నడిమధ్యలో కింది ఫ్లాంజికి గంటు పెడతారు. 'ఇంత లావు గడ్డర్‌కి ఇదో లెక్కా సార్' అంటారు. అక్కడే లెక్క. పైపు వెళ్ళాల్సిందే అయితే, అంగ నడుమ వెబ్ మధ్యలో గుండ్రంగా రంధ్రం చేస్తే దూలం పెద్దగా పట్టించుకోదు. కావాలని వెబ్ నిండా రంధ్రాలతో చేసే దూలాలు కూడా ఉన్నాయి. గోడ మీద ఆనే కొసల దగ్గర మాత్రం వెబ్‌ని కూడా ముట్టుకోకూడదు, అక్కడ పనంతా దానిదే.

మన పాత రైల్వే స్టేషన్లలో, బంగళాల్లో, కచేరీల్లో కప్పు కింద నిలబడి చూస్తే దూలానికీ దూలానికీ మధ్య సున్నం వేసిన ఇటుక కమానులు వరసగా కనిపిస్తాయి. జాక్ ఆర్చి కప్పులంటారు. దూలాలు చాలావరకు ఓడల్లో దిగినవే. వెల్ల ఊడిన చోట వెబ్ మీద మిడిల్స్‌బ్రో అనో స్కాట్లండ్ అనో ఉబ్బెత్తు అక్షరాలు తగులుతాయి. అవి పోత ఇనుము కాదు, లాగిన ఉక్కు. పైనా కిందా సమానమైన ఫ్లాంజిలు, లోపల వాలు. కమాను మొదటి ఇటుక మాత్రం ష్రూస్‌బరీలో కూర్చున్నట్టే కింది ఫ్లాంజి అరుగు మీద కూర్చుని ఉంటుంది.